ఈమెయిలుతో పంపు తెలుగు పత్రములు

నిరుడు ఒక పేదబాలుని విద్యార్థివేతనమునకై మేము తెలుగున విన్నపము వ్రాసి, ఈమెయిలునకు జతపఱచి పంపితిమి. అందుకొన్నవారి కంప్యూటరున అది తెఱచుకొనెను గాని, తెలుగునకు మాఱుగా అర్థములేని ఆంగ్లాక్షరములును చిహ్నములును కానవచ్చెనట! ఈ సంగతి మాకు తెలియునప్పటికి గడువు దాటిపోయెను.

కారణమేమన, మేము వాడినది పాతపద్ధతి ఫాంటు. అట్టివానిలో తెలుగు రూపములు ఆంగ్లాక్షరాదుల సంకేతస్థానములందే అమర్పబడియుండును. ఆ ఫాంటు లేని యంత్రము ఆ సంకేతములను ఆంగ్లముగానే చూపును. పాపము, దాని తప్పేమి? 1991లో వెలువడిన యూనికోడునందు తెలుగక్షరములకు ప్రత్యేకస్థానము లేర్పడినవి. కావున యూనికోడున వ్రాసినదానిని, అందుకొన్నవారికి ఏ యూనికోడు తెలుగు ఫాంటున్నను చదువవచ్చును. పాత ఫాంటును విడువజాలనివారు పత్రమును పీడీఎఫ్‌గా మార్చి, ఫాంటు అందు ఇమిడియున్నదని చూచుకొని పంపవలెను.

ఈ యేటి విన్నపమును మేము యూనికోడుననే వ్రాసి, ముందుగా పొరుగింటి కంప్యూటరున తెఱచి చూచి పంపితిమి.