సృజనాత్మక రచనలో పట్టా, ప్రచురణ రంగంలో బతుకుతెరువు: తమిళనాట తెలుగు విద్యార్థికి కొన్ని మాటలు

సృజనాత్మక రచనలో పట్టా పుచ్చుకుంటే రచయితగా నిలదొక్కుకోవచ్చునా? కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు ఇళ్ళ నుంచి వచ్చే విద్యార్థులకు ఈ ప్రశ్నలో మరో ప్రశ్న ఇమిడి ఉంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్నవారు ఏ భాషలో రాయాలి? ఈ రెండింటినీ కలిపి పరిశీలిద్దాం.

ఇటువంటి చదువుకు పేరు తెచ్చిన అమెరికాలోని అయోవా రచనాశాల 1936లో ఏర్పడింది. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఇదే దారి పట్టింది. అక్కడ పట్టా వెనుక సాహిత్య పత్రికలు, ప్రచురణకర్తలతో బేరమాడే ప్రతినిధులు, రచనను బోధించే ఉద్యోగాలు ఉన్నాయి. మన భాషల్లో పట్టాకు అటువంటి దన్ను లేదు. తెలుగులో అచ్చు ఖర్చు రచయితే భరించడం ఇప్పటికీ మామూలే. కనుక పట్టా వల్ల చేయి తిరుగుతుందే గాని, దానంతటదే కూడు పెట్టదు.

మరి రచయితలు ఎలా బతికారు? మదురైకి దక్షిణాన, కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ అనే పల్లె ఉంది. ఇద్దరు ప్రసిద్ధ తమిళ రచయితలు ఆ ఊరివారే. కు. అళగిరిసామి (1923-1970) పత్రికలనే జీవనాధారం చేసుకున్నారు. 'శక్తి' పత్రికలోను, మలేసియాలో 'తమిళ్ నేసన్'లోను, తిరిగివచ్చాక 'నవశక్తి'లోను పనిచేస్తూ కథలు రాశారు. ఆయన మిత్రుడు కి. రాజనారాయణన్ తెలుగు కుటుంబంలో పుట్టారు. బడి చదువు మధ్యలోనే మానేశారు, సేద్యం చేశారు. ముప్పై దాటాక కథా రచనకు పూనుకున్నారు. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం' (1976)లో తమిళంలో చెప్పారు. దాని కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. నల్లరేగడి నేల మాటలకు నిఘంటువు కూర్చారు. పట్టా లేని ఆయనను పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద కథల పనికి ఆచార్యునిగా పిలుచుకుంది. 2021లో కన్నుమూశారు.

కొంగునాడుకు చెందిన పెరుమాళ్ మురుగన్‌ది మూడో దారి. తమిళ సాహిత్యంలో డాక్టరేటు చేసి, ప్రభుత్వ కళాశాలల్లో పాఠం చెబుతూ నవలలు రాశారు. ఆయన కూడా కొంగు మాటలకు నిఘంటువు కూర్చారు.

సేద్యం, పత్రిక, బోధన: దారులు మూడు. ముగ్గురికీ రచనకు వెలుపల ఒక ఆధారం ఉంది. వారిలో ఇద్దరు తమ సీమ పలుకుబడిని పనిగట్టుకొని పోగుచేశారు. ఇది మన విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి.

నాయక రాజుల కాలంలో మదురై ఆస్థానం తెలుగు వచనానికి పుట్టినిల్లు వంటిది. ఆ ఆదరణ రాజ్యాలతోనే పోయింది. 2006 నాటి తమిళ బోధనా చట్టం పాఠశాలల్లో తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేశాక, తెలుగు లిపి నేర్చుకొనే అవకాశం మరింత సన్నగిల్లింది. మాట మిగిలి రాత పోతున్నది. మగ్గం దగ్గరి మాటలు, పొలం మాటలు, తెలుగు మాట్లాడే అరుంధతీయుల వాడల్లోని మాటలు కాగితం ఎక్కకముందే కనుమరుగయ్యే ప్రమాదం ఉంది.

అందువల్ల తమిళంలో రాయడం తప్పు కాదు. ఆ నవలే అందుకు సాక్ష్యం. అయితే తెలుగు లిపి నేర్చినవారికి రెండు భాషల్లోనూ పని దొరుకుతుంది. అనువాదం, సంపాదకత్వం, ప్రూఫులు దిద్దడం, నిఘంటు నిర్మాణం: ఇవన్నీ ప్రచురణ రంగంలో కూలి దొరికే పనులే. సాహిత్య అకాడెమీ 1989 నుంచి అనువాదాలకూ, 2011 నుంచి 35 ఏళ్ళలోపు రచయితలకూ పురస్కారాలు ఇస్తున్నది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అనువాదానికి పూనుకొనే ముందు మూల రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రచురణకర్తతో చేసుకొనే ఒప్పందంలో గడువు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో గడువు పేర్కొనకపోతే అది అయిదేళ్ళుగా పరిగణింపబడుతుంది; ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. ఈ రెండు వాక్యాలు చదవకుండా సంతకం చేసి నష్టపోయేవారు ఎందరో.

కనుక రచనా పాఠ్యక్రమంలో చేరదలచినవారు చేరవచ్చు. చేయి తిరగడానికి, రాసినదాన్ని నిర్మొహమాటంగా చదివిపెట్టే నలుగురు తోటివారిని సంపాదించుకోవడానికి అది పనికివస్తుంది. దానితోపాటు పొట్టపోసుకొనే పని ఒకటి నేర్చుకోండి. ఆదివారాలు అవ్వ దగ్గర కూర్చొని ఆమె మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయండి. లిపి తరువాతైనా నేర్చుకోవచ్చు. అవ్వతో పోయిన మాటను ఏ విశ్వవిద్యాలయమూ తిరిగి తేలేదు.