మూత్రపిండాల్లో రాళ్ల చికిత్స: బిల్లింగ్ కోడ్ల ఎంపిక

మూత్రపిండంలో రాయి ఉన్న ఇద్దరికి ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో చికిత్స జరిగినా వారి బిల్లుల్లో వేర్వేరు కోడ్లు ఉండవచ్చు. ఇందుకు కారణం ఏమిటో ఈ భాగంలో తెలుసుకుందాం. హైదరాబాదులోని మెడికల్ కోడింగ్ సంస్థలు ఎక్కువగా అమెరికా బిల్లులతోనే పనిచేస్తాయి కాబట్టి అక్కడి పద్ధతినే ఉదాహరణగా తీసుకుందాం.

అక్కడి బిల్లులో జబ్బును తెలిపేది ఐ.సి.డి.-10-సి.ఎం. కోడ్. ఇది 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. రాయి మూత్రపిండంలో ఉంటే ఎన్20.0, మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళంలో ఉంటే ఎన్20.1, రెండు చోట్లా ఉంటే ఎన్20.2 రాస్తారు. వైద్యుడు చేసిన పనిని తెలిపేది అయిదంకెల సి.పి.టి. కోడ్. శరీరం బయటి నుంచి తరంగాలు పంపి రాయిని పగలగొడితే 50590. వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తే 50080 గాని, రాయి 2 సెంటీమీటర్లు దాటడం వంటి సంక్లిష్ట సందర్భాల్లో 50081 గాని వేస్తారు.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది మూడో పద్ధతిలో. మూత్రమార్గం గుండా సన్నని స్కోప్ పంపి లేజర్‌తో రాయిని పగలగొడితే 52353. అదే వైపు స్టెంట్ అమర్చి లోపలే ఉంచితే 52356. 2014కు ముందు ఈ సందర్భంలో 52353తో పాటు స్టెంట్‌కు 52332 కూడా రాసేవారు. 52356 వచ్చాక రెండు పనులూ ఒకే కోడ్‌లో చేరాయి. ఇప్పటికీ విడివిడిగా రాస్తే ఒకే చికిత్సను ముక్కలు చేసి ఎక్కువ సొమ్ము అడిగినట్లవుతుంది. దీన్నే అన్‌బండ్లింగ్ అంటారు. బిల్లులో కొంత శాతం తానే కట్టుకునే రోగిపై కూడా ఆ భారం పడుతుంది. ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ దగ్గర తెలిసీ ఇలా చేస్తే తప్పుడు క్లెయిముల చట్టం వర్తించవచ్చు.

ఆపరేషన్ నోట్‌లో ‘స్టెంట్’ అనే మాట కనిపించగానే 52356 వేసేయకండి. ఆపరేషన్ చివర దాన్ని తీసేశారా, లోపలే ఉంచారా అని చూడండి. తీసేస్తే 52353 మాత్రమే. నోట్ స్పష్టంగా లేకపోతే ఊహించి రాయకుండా వైద్యుణ్ణి అడగాలి. కోడ్లు బట్టీ పట్టాలని నేను ఎన్నడూ చెప్పలేదు, పుస్తకం ఎలాగూ మీ పక్కనే ఉంటుంది. నోట్‌ను చివరిదాకా చదివే అలవాటు మాత్రం మీరే చేసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కుడి మూత్రనాళంలోని రాయిని లేజర్‌తో పగలగొట్టి, ఆ వైపు స్టెంట్ ఉంచారు. ఎడమవైపు రాయి లేదు. అడ్డంకి ఉన్నందున స్టెంట్ మాత్రం అమర్చి ఉంచారు. ఈ బిల్లులో 52332 రాయవచ్చా? కారణం తెలపండి.