అడ్డాన్ని నిలువు చేస్తే

ఎండాకాలం వచ్చిందంటే తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ దగ్గరుండే ట్యాంకర్ల రిజిస్టర్‌కు తీరికుండదు. తేదీ, బ్లాక్, ఎన్ని ట్యాంకర్లు: వచ్చింది వచ్చినట్టు ఒక్కో లైను. మీటింగులో మాత్రం ఎవరూ లైన్లు అడగరు. 'ఏ బ్లాక్‌కు ఏ నెలలో ఎన్ని?' అంటారు. అప్పుడు బ్లాకులు కిందికి, నెలలు అడ్డంగా ఉన్న పట్టిక కావాలి. నిలువుగా పేరుకున్న నెలల్ని తలకట్టు మీదికి ఎక్కించే ఈ పనికే ఎక్సెల్‌లో పైవట్ అని పేరు. ఇంగ్లిష్‌లో ఆ మాటకు తిరగలి నడుమ మేకులాంటిదని అర్థం.

ట్రాన్స్‌పోజ్ వేరు. అది పట్టికను పక్కకు పడుకోబెట్టి ఊరుకుంటుంది. రెండొందల లైన్లు రెండొందల కాలమ్‌లవుతాయి. పైవట్ అయితే ఒకే బ్లాక్, ఒకే నెల లైన్లన్నీ ఏరి ఒక గడిలో కూడుతుంది.

ఆ కూడటంలోనే ఉంది తంటా. '2' అని కాకుండా '2 ట్యాంకర్లు' అని కొడితే ఎక్సెల్‌కు అది అంకె కాదు, మాట. మాటల్ని కూడలేక లైన్లు లెక్కపెట్టి చూపిస్తుంది. ఒక ఏడాది మా లెక్కలో నీళ్ల వాడకం సగానికి పడిపోయింది. పొదుపు నేర్చుకున్నామని అందరం మురిసిపోయాం కూడా.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. పటాన్‌చెరు, పటాన్‌చెరువు, రామచంద్రాపురం, ఆర్సీపురం. మనకు రెండే ఊళ్లు. పైవట్‌కు ఒక్కో స్పెల్లింగూ ఒక్కో ఊరు.

కంప్యూటర్ రాకముందే ఈ విద్య మన బడిలో ఉంది. అక్షరమాలను అడ్డంగా చదివితే క వర్గం, చ వర్గం. మొదటి కాలమ్ వెంట కిందికి దిగితే క చ ట త ప, అవే పరుషాలు. మూడో కాలమ్ దిగితే గ జ డ ద బ, సరళాలు. సరళాదేశ సంధిలో జరిగేదల్లా మొదటి కాలమ్ అక్షరం అదే వరుసలో మూడో కాలమ్‌కు జరగడమే. మాస్టారు ఇలా చెప్పి ఉంటే నాకు నాలుగు మార్కులు ఎక్కువొచ్చేవి.

పటాన్‌చెరులో 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఇలా పట్టికలు తిప్పడం రోజువారీ పని. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ అక్కడి పంటలు. ఇలాంటి ప్రయోగాల్లో ఒక రకాన్ని ఒక్క మడిలో వేసి తేల్చేయరు. రెండు మూడు సార్లు, చీటీ తీసినట్టు కలగాపులగంగా వేస్తారు. ఫీల్డ్ బుక్‌లో మడికో లైను: మడి నంబరు, రకం, సగం మొక్కలు పూతకొచ్చిన రోజు, 100 గింజల బరువు. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి ఇలా పొడుగ్గా ఉంటేనే నప్పుతుంది. కొత్త రకాలు తీసే బ్రీడర్‌కు మాత్రం రకాలు కిందికి, ప్రయోగం జరిగిన ఊళ్లు అడ్డంగా కావాలి. ఒకచోట విరగకాసి ఇంకోచోట చతికిలబడే రకం అప్పుడే కంటపడుతుంది.

1975లో ఇదే సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా డోకూర్‌తో సహా ఆరు గ్రామాల్లో సర్వే మొదలుపెట్టింది. అవే కుటుంబాల దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లారు. అలాంటి లెక్కలో ఇంటికో లైను పెట్టుకుంటే ఏడాదేడాదికీ కాలమ్‌లు పెరుగుతాయి, ఏడాదికో లైను పెట్టుకుంటే ఇంటి పేరు పదేపదే రాయాలి. రెండిట్లో ఏదో ఒక భారం తప్పదు.

జిల్లాల పట్టికలో మరో చిక్కు. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి మెదక్ నుంచి విడిపోయి కొత్త జిల్లా అయింది. సంవత్సరాలు అడ్డంగా పేర్చిన పట్టికలో అంతకుముందు గళ్లన్నీ సంగారెడ్డికి ఖాళీ. మెదక్‌కేమో ఆ ఏడాది నుంచి పంట హఠాత్తుగా కూలిపోయినట్టు కనిపిస్తుంది. అందుకే ఇక్రిశాట్ జిల్లాల డేటాబేస్‌లో కొత్త జిల్లాల అంకెల్ని 1966 నాటి పాత జిల్లాలకు సర్ది పెట్టిన పట్టిక కూడా ఉంది.

వరుసల్ని మౌస్‌తో లాగి తిప్పే ఆలోచన పీటో సలాస్‌ది. 1991లో లోటస్ ఇంప్రూవ్ అనే స్ప్రెడ్‌షీట్ దాన్ని చూపించింది. 1993లో ఎక్సెల్ 5 పైవట్ టేబుల్ అని పేరు పెట్టి ఊరూరా తిప్పింది.

పొడుగు పట్టికకు నేల అయిపోవడం కూడా ఉంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్‌లో పట్టేది 65,536 వరుసలే. 2020లో ఇంగ్లండ్‌లో కరోనా ఫలితాలు ఒక్కో మనిషికి కొన్నేసి లైన్లు తీసుకుంటుంటే ఫైలు నిండిపోయి, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. అలా లెక్కకు ఎక్కని కేసులు 15,841. ఇప్పటి ఎక్సెల్ 10,48,576 వరుసలు మోస్తుంది.

అన్నిటికన్నా నాకిష్టమైన పైవట్ శతావధానం. నూరుగురు పృచ్ఛకులు. మొదటి ఆవృత్తిలో అందరికీ మొదటి పాదాలు, రెండో ఆవృత్తిలో రెండోవి, అలా నాలుగు ఆవృత్తుల్లో 400 పాదాలు. చివర ధారణలో అవధాని ఆవృత్తుల వరుస వదిలేసి పృచ్ఛకుడి వరుస పట్టుకుంటాడు: నాలుగేసి పాదాలు కలిపి పద్యం పద్యంగా అప్పజెబుతాడు. కాగితం ఉండదు, అన్‌డూ ఉండదు. ఒక్క పాదం పక్క గడిలో పడ్డా సభంతా పట్టేస్తుంది.