చూసిందేమిటి? అనుకున్నదేమిటి?

నా పొరపాటుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం ఏటికొప్పాకలో ఒక ఆదివారం సండేస్కూలు హాజరుపట్టీ తెరిస్తే పేజీ నిండా ఎర్రటి మరక. ముందు వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి వేళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఇంకేం, అందరి ఎదుటా వాణ్ణి నిలబెట్టి మందలించాను. వాడు నోరు విప్పలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

సాయంత్రం వాళ్లింటికి వెళితే అరుగు మీద జాఫ్రా గింజలు ఆరబోసి ఉన్నాయి. లక్కబొమ్మలకు ఎర్రరంగు తీసే గింజలవి. పిల్లవాడు పొద్దున్నే తల్లితో కూర్చుని కాయలు ఒలిచాడట. ఇంటికొచ్చి నా సంచి వెతికితే అడుగున ఎర్రసిరా పెన్ను కారి ఉంది!

మరక ఉంది, నిజం. వేళ్లు ఎర్రగా ఉన్నాయి, అదీ నిజం. వీడే చేశాడన్నది మాత్రం నేను అల్లుకున్నది. పెదవులు కదులుతున్నా స్వరం వినబడకపోవడం చూసి హన్నా తాగి ఉందనుకున్న ఏలీకి నేనేం తీసిపోయాను? ఆయన కనీసం ఆమె జవాబు విన్నాడు. నేను అడగనైనా లేదు.

మరుసటి ఆదివారం అందరి ఎదుటే వాణ్ణి క్షమించమని అడిగాను. ఆ తరువాత బల్లమీద ఒక బొంగరం పెట్టి, పిల్లలచేత పలకల మధ్య గీత గీయించాను. ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది రాయాలి. గుండ్రంగా ఉంది, నున్నగా ఉంది, పసుపుచారలున్నాయి: ఇవన్నీ ఎడమవైపు. ఒక పాప "అంకుడుకర్రతో చేశారు" అని కూడా అటే రాసింది. "పైనంతా లక్కే కదమ్మా, కర్ర కనబడుతోందా?" అన్నాను. ఆలోచించి కుడివైపుకు మార్చింది. ఈ ఊరి బొమ్మలకు వాడేది అంకుడే గనుక అది బలమైన ఊహే. చారలది చెట్లనుంచి తీసిన రంగే అన్నది అంత బలమైనది కాదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఈ బొంగరం సంగతి దాన్ని చేసినవారిని అడగాల్సిందే.

ఊహించడమే తప్పని పిల్లలకు చెప్పకండి. మబ్బు చూసి కళ్లంలో వడ్లు ఎత్తుకునే రైతుదీ ఊహే. వాన రాకపోతే పోయేది కాస్త శ్రమ. అదే ఒక ఆడపిల్ల బస్టాండులో ఎవరితోనో మాట్లాడటం చూసి మనం అల్లే కథకు పోయేది ఆమె చదువు, ఒక్కోసారి ప్రాణం. అటువంటి కబురు ఇంటికొచ్చినప్పుడు "నువ్వు చూసిందెంత?" అని పిల్లల ఎదుటే అడగండి.

ఆ రోజు ఎర్రవేళ్ల అబ్బాయి పలక చివర చూశాను. ఎడమవైపు "బొంగరం పాస్టరుగారి చేతిలో ఉంది" అని, కుడివైపు "నాకే ఇస్తారు" అని రాశాడు. ఇచ్చాను.