గోవిందు గీసిన ఆకులు

జగిత్యాల, కోరుట్ల లాంటి ఎండ నేలల్లో కూడా వానాకాలం వస్తే రాళ్ల సందుల్లో, పాత గోడల మీద ఓ చిన్న మొక్క లేస్తుంది. అచ్చం బొమ్మల కొలువులో పెట్టే తాటాకు విసనకర్రలా ఉంటుంది. మయూరశిఖ అంటారు. ఫెర్న్ జాతి. పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు తిరగేసి చూడండి, అంచుల వెంట సన్నని గోధుమరంగు గీతలు. సిద్ధబీజాలు ఉండేది అక్కడే.

ఫెర్న్ ఏ రకమో తేల్చేది చాలావరకు ఈ అడుగుభాగమే. పైన ఎంత అందంగా గీసినా, అడుగు వదిలేస్తే శాస్త్రానికి ఆ బొమ్మ దండగే. మరి కెమెరాలు లేని రోజుల్లో మొక్కల్ని ఇంత ఓపికగా చూసి గీసిందెవరు?

పుస్తకాల అట్టల మీద దొరల పేర్లే కనిపిస్తాయి. రాబర్ట్ వైట్ అనే స్కాట్లాండ్ డాక్టర్ 1819లో మద్రాసు వచ్చాడు. 1838 నుంచి 1853 దాకా దక్షిణాది మొక్కల మీద ఆరు సంపుటాలు తెచ్చాడు. అందులో బొమ్మలు 2101! వాటికోసం ముందు రంగయ్య, ఆయన తర్వాత గోవిందు పనిచేశారు. పేర్లు వింటే మన వాడకట్టు మనుషుల్లాగే లేరూ? పువ్వును చీల్చి, లోపలి కేసరాలు కూడా విడివిడిగా గీసేవారు. ఆ బొమ్మల్నే లితో రాయి మీదికి ఎక్కించి అచ్చు వేసేవారు. సిరిసిల్లలో చీర నేసినవాళ్ల పేరు చీర మీద ఉంటుందా? ఇదీ అంతే.

వైట్ మాత్రం కొంచెం నయం. ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయా’ అని తన చిత్రకారుడి పేరే పెట్టాడు. ఆ ముచ్చటా ఎక్కువకాలం నిలవలేదు. ఈ మొక్క అంతకుముందే పేరున్న ‘ట్రాపిడియా’లోకి వస్తుందని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది వాళ్ల నిబంధన. న్యాయమే కానీ, మనసొప్పదు.

వైట్ 1853లో వెళ్లిపోయాక గోవిందు కుంచె ఆగలేదు. అటవీ అధికారి బెడ్డోమ్‌కూ బొమ్మలు గీశాడు. దక్షిణ భారత ఫెర్న్‌ల మీద 1863 నుంచి పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది ఈ బెడ్డోమే.

చివరికి 2007లో ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్‌కు చెందిన హెన్రీ నోల్టీ, వైట్ మీద మూడు సంపుటాలు ప్రచురించాడు. వాటిలో ఒకటి రంగయ్య, గోవిందుల బొమ్మలకే కేటాయించాడు. వైట్, బెడ్డోమ్‌ల పాత పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. ఫోన్‌లో పేజీ పెద్దది చేసుకుని, ఒక్కో ఈనె ఎక్కడ చీలిందో చూడండి.