బోన్ పట్టణం – ద్రాక్షతోటల మాన్యంతో నడిచే ఆసుపత్రి

ఫ్రాన్సు దేశం వెళ్ళివచ్చామని చెప్పగానే మిత్రులంతా అడిగిన మొదటి ప్రశ్న, "ఈఫిల్ టవర్ ఎక్కారా?" అని. ఎక్కాము. దాన్ని గురించి ఇక్కడ రాయబోవడం లేదు. ఆ ప్రయాణంలోనే బోన్ అనే చిన్న ఊరు చూశాము. పేరు వినగానే ఎలకల బోను గుర్తుకువచ్చి పిల్లలు ఒకటే నవ్వు. తీరా వెళ్ళాక అందులో పడ్డది మేమే. ఒక పూట చూసి వద్దామని వెళ్ళి రెండు రోజులు ఉండిపోయాము.

బోన్ తూర్పు ఫ్రాన్సులో, బర్గండీ సీమలో, దిజోన్ నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. జనాభా ఇరవై వేలు. చుట్టూ ద్రాక్షతోటలు. అసలు ఆ ఊరి పేరు చెబితే ప్రపంచానికి గుర్తుకొచ్చేది ద్రాక్షసారాయే. అందుకే మాతో వచ్చిన పిల్లల అమ్మమ్మగారు, "పసివాళ్ళను వెంటబెట్టుకుని సారా ఊరికా?" అని రైల్లోనే నిలదీశారు. "అక్కడ పాతకాలపు ఆసుపత్రి ఒకటుందమ్మా, అది చూద్దాం" అని సర్దిచెప్పాము. మాలో ఒకరు డాక్టరు, ఒకరు ఇంజనీరు. ఆ ఊళ్ళో ఇద్దరికీ సరిపడా సరుకు దొరికింది.

ముందు ఆసుపత్రి సంగతి. దాని పేరు ఓతెల్ ద్యూ. దేవుని సత్రం అనుకోవచ్చు. కట్టించినవాడు నికొలా రొలాన్. బర్గండీ పాలకుడు ఫిలిప్ ప్రభువు దగ్గర ప్రధానమంత్రి వంటి పదవిలో ఉన్నవాడు. అవి ఫ్రాన్సు, ఇంగ్లండుల నూరేళ్ళ యుద్ధపు చివరి రోజులు. జీతాలు లేని సైనికులు ఊళ్ళ మీద పడి దోచుకునేవారు. కరువు, తెగుళ్ళు సరేసరి. 1443లో రొలాన్, ఆయన భార్య గిగోన్ కలిసి బీదల కోసం ఈ ఆసుపత్రి స్థాపించారు. 1452 జనవరి 1న మొదటి రోగి వచ్చాడు. "ఎంతోమందిని బీదలను చేసినవాడు, వాళ్ళకొక ఇల్లు కట్టించడం న్యాయమే" అని ఫ్రాన్సు రాజు పదకొండవ లూయీ ఎత్తిపొడిచాడని చెబుతారు. పుణ్యం కోసం కట్టాడో, పాపభయంతో కట్టాడో గాని, కట్టడం మాత్రం గట్టిగా కట్టాడు.

వీధి వైపునుండి చూస్తే మామూలు బూడిదరంగు గోడే. లోపలి ముంగిట్లో అడుగుపెట్టి తలెత్తితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మెరుగు పెంకులు ముగ్గువేసినట్టు కప్పు నిండా పరచి ఉన్నాయి. అమ్మమ్మగారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

బీదల వార్డు దాదాపు 50 మీటర్ల పొడవు. పైకప్పు బోర్లించిన పడవ మాదిరి ఉంటుంది. రెండు పక్కలా వరసగా ఎర్ర తెరలు కట్టిన మంచాలు. ఆ రోజుల్లో ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులు పడుకునేవారట. "మన జిల్లా ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసినప్పుడు మేమూ ఇదే చూశాము" అన్నారు మా డాక్టరుగారు. వార్డు చివరనే ప్రార్థనా మందిరం. లేవలేని రోగి పడక మీదినుండే పూజ వినవచ్చు. భర్త పోయాక గిగోన్ ఇక్కడే రోగుల సేవలో ఉండి, 1470లో కన్నుమూసింది. ఆమె సమాధి కూడా ఆ మందిరంలోనే ఉంది. నేల పలకల మీద ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన రొలాన్ భార్య కోసం ఎంచుకున్న మాట: "ఏకైక తార" అని.

వంటగది, మందుల గది చూసి, ఆపైన రోజియర్ వాన్ డెర్ వైడెన్ వేసిన "తుది తీర్పు" చిత్రం చూశాము. అనేక పలకల మీద వేసిన పెద్ద చిత్రం. మధ్యలో దేవదూత త్రాసు పట్టుకుని మనుషుల పాపపుణ్యాలు తూస్తుంటాడు. ఇందులో నరకానికి ఈడ్చుకుపోయే భటులు లేరు. పాపులు తమంతట తామే అటు నడిచిపోతారు. "మన యమధర్మరాజుకు ఉన్నపాటి సిబ్బంది కూడా లేదా?" అన్నారు అమ్మమ్మగారు.

ఇక ఇంజనీర్ల వాటా. ఊరి మధ్య గంటస్తంభం దగ్గర గాస్పార్ మోంజ్ విగ్రహం ఉంది. 1746లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి చిన్న వ్యాపారి. కుర్రతనంలోనే తన కొలత పరికరాలు తానే తయారుచేసుకుని బోన్ పట్టణానికి పటం గీశాడు. అది చూసి ఒక సైనికాధికారి అతన్ని మెజియేర్ సైనిక పాఠశాలకు పంపించాడు. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో టీ స్క్వేరు పట్టుకుని, ఒకే వస్తువును పైనుండి, ముందునుండి గీయలేక మనం పడ్డ అవస్థకంతటికీ మూలపురుషుడు ఈయనే! ఆ విద్యను సైన్యం చాలా ఏళ్ళు రహస్యంగా దాచిందట. ఇంకొన్నాళ్ళు దాచినా మనకు అభ్యంతరం లేకపోయేది.

డాక్టర్లకు దీటుగా ఎత్యెన్ జూల్ మారే ఉన్నాడు. 1830లో బోన్‌లో పుట్టాడు. నాడి కొట్టుకునే తీరును కాగితం మీద గీత రూపంలో గీసే యంత్రాన్ని మెరుగుపరిచిన వైద్యుడు. 1882లో సెకనుకు 12 ఫోటోలు తీసే "తుపాకీ" తయారుచేసి ఎగిరే పక్షులను పట్టుకున్నాడు. సినిమాకు దారివేసిన వాళ్ళలో ఒకడు.

సాయంత్రం తోటల వైపు నడిచాము. ఇక్కడ ఎర్ర రకానికి పినో న్వార్, తెల్ల రకానికి షార్డొనే ద్రాక్ష పెంచుతారు. నాలుగు అడుగులు వేస్తే మట్టి మారుతుంది, దానితోపాటు రుచీ ధరా మారుతాయి. అలా పేరుపేరునా గుర్తించిన 1,247 మళ్ళకు 2015లో యునెస్కో గౌరవం దక్కింది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికానుండి వచ్చిన ఫిల్లాక్సెరా అనే పురుగు వేళ్ళను తినేసి ఫ్రాన్సు తోటలను నాశనం చేసింది. మందు కూడా అమెరికా నుండే వచ్చింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. ఈనాటికీ దాదాపు అన్ని తోటలూ అంతే. ఇది విని మా పెద్దమ్మాయి, "అయితే ఆ పండు అమెరికాదా, ఫ్రాన్సుదా?" అని అడిగింది. పండు కొమ్మదే అని చెప్పాము. "మరి నేను?" అంది. జవాబు ఇంకా వెతుక్కుంటున్నాము.

తిండి విషయం అడుగుతారని తెలుసు. శాకాహారులకు కాస్త ఇబ్బందే, రొట్టె, జున్ను, పళ్ళతో గడిచింది. అయితే 1840 నుండి ఆవాలు రుబ్బుతున్న మిల్లు ఒకటి ఈ ఊళ్ళో ఉంది. ఇప్పటికీ రాతి తిరగళ్ళే. ఆవ ఘాటు ముక్కుకెక్కగానే అమ్మమ్మగారికి ప్రాణం లేచివచ్చింది. రెండు సీసాలు కొన్నారు.

ఇంతకీ ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. రొలాన్ ఆసుపత్రి కట్టి వదిలెయ్యలేదు. ఉప్పు బావుల ఆదాయం నుండి ఏటా 1000 లీవ్రులు వచ్చే ఏర్పాటు చేశాడు. 1457 నుండి దాతలు ద్రాక్షతోటలు రాసివ్వసాగారు. ఈనాడు ఆ సంస్థకు 60 హెక్టార్ల తోట ఉంది. ఏటా నవంబరు మూడో ఆదివారం ఆ పంట సారాను పీపాల లెక్కన, పీపాకు 228 లీటర్లు, వేలం వేస్తారు. 1859 నుండి ఈ వేలం ప్రసిద్ధం. 1971లో రోగులను కొత్త ఆసుపత్రికి మార్చారు, పాతది మ్యూజియం అయింది. కాని వేలం డబ్బు ఇప్పటికీ వైద్యానికే పోతుంది.

ఇదంతా వివరించి చెబితే అమ్మమ్మగారు ఒక్క మాటలో తేల్చారు: "మాన్యం రాసిచ్చారన్నమాట." తరువాత కాస్సేపాగి, "మీరేమో ఏటేటా జోలె పడతారు" అన్నారు.

నిజమే. మన సంఘం ఉగాది కార్యక్రమం నాడు చందాలు పోగుచేసి ఊళ్ళోని వైద్యశాలకు పంపుతోంది. పోయిన ఉగాదికి మంచు తుఫాను వచ్చి హాలు సగం కూడా నిండలేదు. ఆ ఏడు అక్కడ మూడు నెలలు మందులు లేవు. ఇక్కడ మంచు కురిస్తే అక్కడ చక్కెర జబ్బు రోగికి మాత్ర ఆగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏర్పాటులోనే ఉంది లోపం.

మనకు ద్రాక్షతోటలు లేవు. కాని వచ్చిన చందాలో సగం ఖర్చుపెట్టి సగం మూలధనంగా ఉంచితే, పదేళ్ళకు వడ్డీతోనే మందులు కొనవచ్చేమో లెక్కవేసి చూడాలి. "రోగి ఈ రోజు ఉన్నాడు, డబ్బు దాచడమేమిటి?" అని కొందరు అంటారని తెలుసు. మా ఇంట్లోనే డాక్టరుగారు ఆ మాట అన్నారు. ఇంజనీరుగారు ఒప్పుకోలేదు. అందుచేత ఈ విషయాన్ని రాబోయే సర్వసభ్య సమావేశంలో పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. అందరూ రండి, వాదించండి.

బోన్ వెళ్ళదలచినవారు పారిస్ నుండి రైల్లో దిజోన్ చేరి, అక్కడ బండి మారితే అరగంట లోపే దిగవచ్చు. రాళ్ళు పరచిన వీధులు, గట్టి చెప్పులు వేసుకోండి. ఆవ సీసాకు సామానులో కాస్త చోటు ఉంచుకోండి.