అండాశయ కాన్సరు – సంతానయోగ్యత

పోచంపల్లిలో చీర మగ్గమెక్కుటకు ముందే దాని బొమ్మ నిర్ణయమైయుండును. నూలులో రంగు సోకరాని భాగములను రబ్బరు పీలికలతో బిగించి కట్టి, పిమ్మట రంగులో ముంచుదురు. ముంచిన తరువాత కట్టిన ప్రయోజనము లేదు. పిన్నవయసు స్త్రీలకు అండాశయమున కాన్సరు వచ్చినప్పుడును ఇదే నియమము. నిలుపుకొనదగినది ఏదో చికిత్సకు ముందే ఆలోచించవలెను.

గర్భాశయమునకు ఇరుప్రక్కల రెండు అండాశయములు కలవు. ఆడశిశువు పుట్టునప్పటికి వీటిలో సుమారు 10 నుండి 20 లక్షల అండబీజములు ఉండును. రజస్వల అగునాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గును. జీవితకాలములో పక్వమై వెలువడునవి 400 లేక 500 మాత్రమే. కొత్తవి పుట్టవు. కనుక రెండు అండాశయములను తీసివేసినచో ఆ నష్టము తీరనిది. కాని ఒక అండాశయము, గర్భాశయము మిగిలినచో స్త్రీ గర్భము ధరించగలదు.

అండాశయ కాన్సరులన్నియు ఒకే తీరువి కావు. పైపొర కణములనుండి పుట్టునది ఎక్కువగా యాభై ఏండ్లు దాటినవారికి వచ్చును. బాలికలకు, ఇరువది ఏండ్ల ప్రాంతమువారికి వచ్చునది తరచు బీజకణములనుండి పుట్టును. ఇది సాధారణముగా ఒక ప్రక్కనే యుండి, మందులకు చక్కగా లొంగును. అందుచేత రోగమున్న అండాశయమును, దాని నాళమును మాత్రమే తీసి, తక్కినవి ఉంచుట పెక్కుమందికి సాధ్యము. పైపొర కాన్సరులో తొలిదశయందు, కణముల తీరు తీవ్రము కానప్పుడే ఇట్టి శస్త్రచికిత్సకు పూనుకొందురు.

ఈ మార్పునకు ముఖ్యకారణము సిస్‌ప్లాటిన్ అను మందు. అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాపై విద్యుత్తు ప్రభావమును పరీక్షించుచు, ప్లాటినపు సమ్మేళనములు కణవిభజనను ఆపుచున్నవని కనుగొని, 1965లో ప్రకటించెను. నేడు దీనిని బ్లియోమైసిన్, ఎటోపోసైడ్‌లతో కలిపి బీజకణ కాన్సరుకు ఇచ్చుచున్నారు. ఈ చికిత్స పొందిన యువతులలో అధికసంఖ్యాకులకు బహిష్టులు తిరిగి వచ్చును. బిడ్డలను కనినవారును అనేకులు.

అండములను తీసి మైనస్ 196 డిగ్రీల సెంటీగ్రేడున ద్రవ నైట్రోజనులో నిలువచేయు పద్ధతియు కలదు. ఇట్టి అండమునుండి బిడ్డ పుట్టినట్లు మొదటిసారి 1986లో ఆస్ట్రేలియానుండి ప్రకటించిరి. కాని ఇందుకు ఇంచుమించు రెండు వారముల వ్యవధి కావలెను. పైగా రోగమున్న అండాశయమును సూదితో గుచ్చినచో రోగకణములు చిందవచ్చును. అండాశయపు తునకను దాచి తిరిగి అతుకుటవలన 2004లో బెల్జియములో ఒక శిశువు జన్మించెను; అయితే ఆ తల్లికి వచ్చినది వేరొక కాన్సరు. అండాశయ కాన్సరులో ఆ తునకతోపాటు రోగమే తిరిగి రావచ్చును.

అన్నిటికంటె పెద్ద ఆటంకము ఆలస్యము. పెండ్లికాని పిల్లకు కడుపు ఉబ్బినచో లోకనిందకు వెరచి ఇంటివారు దాచుట కద్దు. కడుపునొప్పి, ఉబ్బు, చేతికి తగులు గడ్డ కనిపించినచో స్కానింగు, రక్తపరీక్షలు వెంటనే చేయించవలెను. మామూలు నీటితిత్తి అని తలచి గడ్డను కోసి చిదిమినచో రోగదశ ముదురును. భయపడి రెండు అండాశయములను తీసివేసినచో సంతానాశయే పోవును. కాబట్టి కత్తి పెట్టుటకు ముందే కాన్సరు నిపుణుని సంప్రదించుట మేలు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు కాన్సరు ఆసుపత్రి 1955లోనే వెలసినది.

ప్రాణరక్షణ మొదటిది, వ్యాధి రెండవ ప్రక్కకు పాకినచో సంతానాశను విడువక తప్పకపోవచ్చును. తరువాత కూడ ఏండ్ల తరబడి పరీక్షలు అవసరము. అయినను శస్త్రచికిత్సకు సమ్మతిపత్రముపై సంతకము చేయునప్పుడే, “రెండవ అండాశయమును నిలుపవచ్చునా?” అని అడుగుటకు ఆ యువతికి హక్కు కలదు. రంగులో ముంచక ముందే కట్టు పడవలెను.